పాత మోర్స్ కీలు – 3వ పాఠం: ఈ కీ ఎక్కడిది, ఎప్పటిది?

పోయినసారి మోర్స్ కీ (టెలిగ్రాఫ్‌లో చుక్కలు, గీతలుగా సందేశాలు పంపే మీట) భాగాల పేర్లు నేర్చుకున్నాం: నాబ్, లివర్, స్ప్రింగ్, కాంటాక్టులు. ఈసారి చేతికొచ్చిన కీ ఏ దేశపుదో, సుమారుగా ఏ కాలానిదో పట్టుకుందాం.

ముందుగా ఒక మాట. ఇత్తడి నల్లబడిందని చింతపండు పెట్టి తోమకండి. నా మొదటి కీని నేను అలాగే తోమాను. పూజ సామానులా తళతళలాడింది, కానీ తయారీలో వేసిన పాత పూత మొత్తం పోయింది. అది చూసిన ప్రతి కలెక్టరూ ముందు "అయ్యో" అన్నాకే మిగతా మాటలు మాట్లాడాడు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు.

ఇక పని మొదలుపెడదాం. కంపెనీ పేరు కోసం వెతికే ముందు వైర్లు బిగించే టెర్మినళ్లు ఎన్ని ఉన్నాయో చూడండి. రెండే ఉండి, పక్కన అటూ ఇటూ జరిగే చిన్న లివర్ కూడా ఉంటే అది చాలావరకు అమెరికా పద్ధతి కీ. అక్కడి లైన్లలో కరెంటు ఎప్పుడూ ప్రవహిస్తూనే ఉండేది, దారిలోని ఆఫీసులన్నీ ఒకే తీగ మీద వరసగా ఉండేవి. పంపేటప్పుడు తెరిచిన ఆ పక్క లివర్‌ని, పంపడం అయిపోగానే ఆపరేటర్ మూసేయాలి, అప్పుడే తీగలో కరెంటు మళ్లీ పారుతుంది. ఒక్కడు మరిచిపోయినా లైను మొత్తం మూగబోయేది. టెర్మినళ్లు మూడుంటే బ్రిటన్, యూరప్ వైపు చూడండి. వాటిలో వెనక కూడా ఒక కాంటాక్టు ఉంటుంది. కీ నొక్కనప్పుడు లైను రిసీవర్‌కి, నొక్కినప్పుడు బ్యాటరీకి కలుస్తుంది. రెండే ఉండి పక్క లివర్ లేకపోతే తొందరపడకండి. రేడియో కీలు చాలా దేశాల్లో అలాగే చేశారు.

ఇప్పుడు కీని పక్కనుంచి చూడండి. లివర్‌కి ఒంటె మూపురంలా వంపు ఉంటే పాత అమెరికన్ రకం, దాన్నే క్యామెల్‌బ్యాక్ అంటారు. సన్నటి ఉక్కు లివర్, దాని ఇరుసు ఒకే ముక్కగా ఉంటే అది జెస్సీ బనెల్ డిజైన్. ఇత్తడి లివర్‌కి విడిగా బిగించిన ఇరుసు వాడగా వాడగా వదులయ్యేది, ఆ బాధ తప్పించడానికే ఇలా చేశాడు. ఆ లివర్ మీద 1881 ఫిబ్రవరి 15 అని ముద్ర కనిపిస్తే వెంటనే జేబులో చెయ్యి పెట్టకండి. అది పేటెంట్ తేదీ. ఆ కీలు తర్వాత ఎన్నో దశాబ్దాలు తయారయ్యాయి.

నల్లటి బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) పలక మీద ఉన్న జె-38 రకం కీ మీకు ఎక్కువగా తగులుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం శిక్షణకు వాడిన కీ అది. బొమ్మ రైళ్లు చేసే లయనెల్ సహా చాలా కంపెనీలు చేశాయి కాబట్టి ముద్ర కోసం అడుగు భాగం టార్చి వేసి చూడండి.

అలంకారానికి చేసిన నకిలీలను మల్టీమీటర్ పట్టేస్తుంది. పక్క లివర్ ఉంటే తెరిచి, మీటర్‌ని కరెంటు దారి ఉంటే బీప్ చేసే సెట్టింగులో పెట్టి రెండు టెర్మినళ్లకూ తగిలించండి. నొక్కకుండానే బీప్ వస్తే ముందు కాంటాక్టుల మధ్య సందు ఉందో లేదో చూడండి. సందు ఉన్నా మోగుతుంటే రెండు టెర్మినళ్లనీ నేరుగా ఒకే ఇత్తడిలోకి బిగించారేమో అనుమానించండి. అసలు కీలో ఒక టెర్మినల్ కింద ఇన్సులేషన్ ఉంటుంది.

వచ్చే పాఠానికి హోంవర్క్: మీ కీని పైనుంచి, పక్కనుంచి, కిందినుంచి ఫొటోలు తీసి పెట్టుకోండి. అప్పుడు హోరేస్ మార్టిన్ వైబ్రోప్లెక్స్ (చుక్కలను తనంతట తానే పంపే రకం) కీల రేకు మీది చిరునామా, సీరియల్ నంబరు చదవడం చూద్దాం.