దావత్‌కు సోడా నల్లా: 3వ పాఠం – ఐసు పెట్టె, కాయిల్, నురగ

రెండవ పాఠం ముగిసేసరికి మన చేతిలో గ్యాసు పట్టించి, అతుకులన్నీ సబ్బునీళ్ళతో పరీక్షించిన 19 లీటర్ల స్టీలు పీపా ఒకటి సిద్ధంగా ఉంది. అందులోని నిమ్మ-అల్లం సోడా నురగగా మారకుండా, చల్లగా గ్లాసులోకి దిగే దారిని ఈ పాఠంలో కడదాం. పీపా బయటే ఉంటుంది, సోడా ఐసు పెట్టెలో ఉన్న కాయిల్ (చుట్టలా వంచిన స్టీలు గొట్టం) గుండా పోతూ చల్లబడి నల్లా చేరుతుంది. విదేశాల్లో ఈ పరికరాన్ని ఎక్కువగా ఇంట్లో కాచిన బీరును విందుల్లో పోయడానికి తయారు చేసుకుంటారు. మన రాష్ట్రంలో ఎక్సైజు అనుమతి లేకుండా బీరు కాయడం నేరం కనుక, నకిరేకల్ నిమ్మకాయలు అందుబాటులో ఉన్న మనం వాటితోనే ఈ పని నేర్చుకుంటున్నాం. గ్యాసు, గొట్టం, వేడిమి లెక్కలు రెండింటికీ ఒకటే.

ముందుగా నురగ ఎందుకు వస్తుందో తెలియాలి. సోడాలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ను లోపలే పట్టి ఉంచేది పీపాలోని ఒత్తిడి. ద్రవం వేడెక్కిన కొద్దీ గ్యాసు బయటపడాలని చూస్తుంది కనుక దాన్ని ఆపడానికి మరింత ఒత్తిడి కావాలి. లీటరు నీటిలో రెండున్నర లీటర్ల గ్యాసు కరిగి ఉండాలంటే 4 డిగ్రీల చలిలో సుమారు 12 పౌండ్ల ఒత్తిడి (రెగ్యులేటర్ ముల్లు చూపే పి.ఎస్.ఐ.) చాలు, అదే 30 డిగ్రీల దగ్గర సుమారు 38 పౌండ్లు అవసరమవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన పీపా కోసం చెప్పిన 12 పౌండ్ల అంకెను మన ఎండాకాలపు పందిరి కిందికి యథాతథంగా తెచ్చుకోకూడదు.

ఈ సంగతి నేను నష్టపోయి తెలుసుకున్నాను. ఒక మే నెలలో మిర్యాలగూడలో మా బంధువుల ఇంటి దావత్‌కు పీపా తీసుకుపోయినప్పుడు మొదటి గ్లాసులన్నీ నురగతోనే నిండాయి. ఒత్తిడి ఎక్కువైందనుకొని ముల్లును 30 నుంచి 10కి దించాను. దాంతో పీపాలోనే, గొట్టంలోనే గ్యాసు విడిపోయి, నల్లా తిప్పితే ఉత్త బుగ్గలు, ఆ తరువాత చప్పటి నీళ్ళు వచ్చాయి. నురగ కనబడగానే ఒత్తిడి తగ్గించాలని అందరికీ అనిపిస్తుంది, కాని చేయవలసింది అది కాదు. ఒత్తిడిని ద్రవం వేడికి తగినంత ఉంచి, ఆ ఒత్తిడి నల్లా చేరేలోపు గొట్టంలోనే మెల్లగా ఖర్చయ్యేట్టు చూడాలి.

ఆ ఖర్చు లెక్క ఇది. 5/16 అంగుళాల బయటి కొలత గల స్టీలు కాయిల్ అడుగుకు సుమారు 0.3 పౌండ్లు తింటుంది కనుక 50 అడుగులకు 15 పౌండ్లు పోతాయి. లోపలి రంధ్రం 3/16 అంగుళాలున్న సన్నని ప్లాస్టిక్ గొట్టం అడుగుకు సుమారు 3 పౌండ్లు తింటుంది, అంటే 7 అడుగులకు 21. నల్లా పీపా కంటే రెండడుగులు ఎత్తున ఉంటే ఇంకొక పౌండు. మొత్తం 37 అయింది. మిగిలిన ఒక్క పౌండు ద్రవాన్ని గ్లాసులోకి నెడుతుంది. సన్నని గొట్టం అంకె ప్రవాహం వేగాన్ని బట్టి తగ్గుతుంది కనుక పది అడుగులు కొని, పోసి చూస్తూ అర్ధ అడుగు చొప్పున కోసుకుంటూ రండి.

ఈ సన్నని గొట్టాన్ని పీపాకు, కాయిల్‌కు మధ్య పెట్టకండి. అక్కడ ద్రవం ఇంకా వెచ్చగా ఉంటుంది. ఒత్తిడి పడిపోయిన చోటల్లా గ్యాసు విడిపోతుంది. పీపా నుంచి కాయిల్ దాకా వెడల్పైన పొట్టి గొట్టం, కాయిల్ తరువాత ఐసునీళ్ళలోనే చుట్టిపెట్టిన సన్నని గొట్టం, ఆ పైన నల్లా – ఇదే వరుస.

కాయిల్ 304 రకం స్టీలుదై ఉండాలి. ఏసీ మెకానిక్కుల దగ్గర రాగి గొట్టం సులువుగా దొరుకుతుందని దాన్ని వాడవద్దు. గ్యాసు కలిసిన ద్రవం ఆమ్లం. నిమ్మరసం మరింత ఆమ్లం. రెండూ కలిసి రాగిని కరిగిస్తాయి, తాగినవాళ్ళకు వాంతులవుతాయి. ఇత్తడి అతుకులూ ఇదే కారణంగా వద్దు. ఐసు పెట్టెకు రెండు రంధ్రాలు (పీపా నుంచి వచ్చే గొట్టానికి ఒకటి, నల్లాకు ఒకటి), నీటిమట్టానికి పైన, మూతకు దగ్గరగా తొలవండి. నల్లా కాడకు, అంటే పెట్టె గోడ గుండా లోపలికి పోయే భాగానికి, సాధారణంగా 22 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోతుంది, అయినా తొలిచే ముందు మీ కాడను కొలుచుకోండి.

19 లీటర్లను 30 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు దించడానికి లెక్క ప్రకారం 6 కిలోల మంచు చాలు. పెట్టె గోడల గుండా వచ్చే వేడిని కలుపుకొని 15 కిలోలు తెచ్చుకోండి. ఐసు దిమ్మను పగులగొట్టి వేసి, కాయిల్ మునిగేదాకా నీళ్ళు పోయాలి. నీళ్ళు లేని ఐసు ముక్కలు గొట్టాన్ని అక్కడక్కడే తాకుతాయి, నీళ్ళు చుట్టూ పట్టుకుంటాయి. కుల్ఫీకి వేసినట్టు ఉప్పు మాత్రం వేయకండి, కాయిల్‌లో సోడా గడ్డకడుతుంది. ఫ్యాక్టరీ దిమ్మ పెట్టెలోకే గాని గ్లాసులోకి కాదు, ఎందుకంటే అది తాగే నీళ్ళతో చేసిందన్న నమ్మకం లేదు.

సోడాకు వాడే నీళ్ళ విషయంలో నల్లగొండవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు గాని, బోరు నీళ్ళను మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. శుద్ధి చేసిన నీళ్ళే వాడండి. నిమ్మరసాన్ని పలుచని గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. ఒక్క తొన పీచు చాలు, బుగ్గలు దాని చుట్టే పుడతాయి.

ఇక సిలిండర్‌ను మోసుకుపోవడం. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు దాటితే ఎంత ఒత్తిడిలోనూ ద్రవంగా ఉండదు. మన ఏప్రిల్, మే నెలలు ఆ గీతకు చాలా పైన ఉంటాయి కనుక ఎండలో వదిలిన సిలిండర్‌లో ఒత్తిడి వేగంగా పెరుగుతుంది. నిలువుగా కట్టి, తడి గోనె సంచి చుట్టి, నీడలో ఉంచండి. మూసిన కారులో పెట్టి పోకండి. లీకైన గ్యాసు గాలికంటే బరువైనది కనుక కిందనే పేరుకుంటుంది. పీపాకూ తడి గోనె చుట్టండి, ముల్లు 38 దగ్గర ఆగడానికి అది తోడ్పడుతుంది.

నాలుగవ పాఠానికి ముందు ఒక అభ్యాసం. ఐసు పెట్టెలో నీళ్ళు చల్లబడ్డాక నల్లాను సగం కాదు, పూర్తిగా తెరిచి, 200 మిల్లీలీటర్ల గ్లాసు ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. ఐదు సెకన్ల దగ్గర, పైన వేలు మందం నురగతో నిండితే గొట్టం సరిపోయినట్టే. అంతకంటే త్వరగా, నురగతో దూకితే గొట్టం పొట్టిది. నీరసంగా కారితే అర్ధ అడుగు కోయండి. తొలి గ్లాసును లెక్కలోకి తీసుకోకండి, అది వెచ్చని నల్లాను చల్లబరిచే గ్లాసు. కోసిన పొడవు, ముల్లు అంకె, ఆనాటి వేడిమి నోటు పుస్తకంలో రాసిపెట్టుకోండి. గొట్టాలు కడిగే పాఠంలో ఆ మూడు అంకెలతోనే పని మొదలవుతుంది.