తుప్పు బోల్టులకు వినెగార్ స్నానం

ఈ ఎండాకాలం మా నాన్నగారి పాత మారుతీ 800 ఇంట్లోనే బాగుచేస్తున్నాను. విప్పిన ప్రతి నట్టూ, క్లాంపూ తుప్పే. ఉప్పుకాగితంతో రుద్దితే ఒక్కోదానికి పావుగంట పట్టేది, బోల్టు మరల సందుల్లోని తుప్పు మాత్రం కదిలేది కాదు.

వినెగార్‌తో అయితే ఇలా చేయండి: ముందు గ్రీజు పోయేలా సర్ఫు నీళ్లతో కడగండి. ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మునిగేదాకా కిరాణా కొట్లో దొరికే తెల్ల వినెగార్ పోయండి. మూత బిగించొద్దు, గ్యాస్ వస్తుంది. ఒక రాత్రి చాలు. పొద్దున్నే పాత టూత్ బ్రష్‌తో రుద్దితే నల్లటి మడ్డిలా ఊడొస్తుంది, అడుగున మరలు శుభ్రంగా కనిపిస్తాయి. తర్వాత లీటరు నీళ్లలో 2 చెంచాల వంటసోడా కలిపి 10 నిమిషాలు ఉంచి, కడిగి, ఎండలో పెట్టండి. మన బెజవాడ ఎండకి చిటికెలో ఆరతాయి. వెంటనే ఇంజన్ ఆయిల్ పూయాలి, లేదంటే సాయంత్రానికే మళ్లీ ఎర్రబడతాయి.

అల్యూమినియం, జింక్ పూత ఉన్నవాటికి ఇది వద్దు, పాడైపోతాయి. బ్రేకు, స్టీరింగ్, సస్పెన్షన్ బోల్టులు, స్ప్రింగులు కూడా నానబెట్టకండి. యాసిడ్‌కి గట్టి ఉక్కు పెళుసెక్కి విరగొచ్చు. అవి ఆటోనగర్‌లో కొత్తవే కొనుక్కోండి.