బీఫ్‌కి రెండే టైములు: ఇంట్లో, హాస్టల్ గదిలో తేలిగ్గా వండుకోవడం ఎలా

బీఫ్ వండితే రబ్బరులా సాగుతోంది, దవడలు నొప్పి పుడుతున్నాయి తప్ప ముక్క నలగడం లేదు అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఎంతసేపు ఉడికించారని. దాదాపు ప్రతిసారీ వచ్చే జవాబు అరగంట, మహా అయితే 40 నిమిషాలు. చికెన్‌కి అలవాటైన చెయ్యి కదా, అంతకంటే ఎక్కువ ఉంచాలంటే మనసొప్పదు. కానీ బీఫ్‌కి రెండే టైములు ఉంటాయి. మెత్తటి ముక్కని సన్నగా కోసి 2 నిమిషాల్లో దించేయాలి, లేదా గట్టి ముక్కని పెట్టి అది విడిపోయేదాకా ఓపిక పట్టాలి. మధ్యలో ఎక్కడ ఆపినా నమలలేం.

నేను హాస్టల్‌లో ఉండగా మొదటిసారి అరకిలో తెచ్చి మూకుడులో మూతపెట్టి వండాను. 40 నిమిషాలు అయ్యాక ఒక ముక్క నోట్లో వేసుకుంటే అసలు తెగలేదు. నాతో తినడానికి కూర్చున్న స్నేహితుడు ఏమీ అనకుండా గ్రేవీ మాత్రం అన్నంలో కలుపుకుని, ముక్కలన్నీ పళ్లెం అంచుకి జరిపాడు. మాంసం ముదురుది ఇచ్చారనుకున్నాను. తర్వాత కొన్ని వారాలకి అదే భాగం తెచ్చి, ఈసారి సన్నటి మంట మీద రెండున్నర గంటలు వదిలేశాను. గరిటె అంచుతో నొక్కితే ముక్క రెండుగా విడిపోయింది. తప్పు మాంసానిది కాదని అప్పుడు అర్థమైంది.

ఎందుకలా అంటే, ఎక్కువ పనిచేసే కండరాల్లో, అంటే కాళ్లు, భుజం, ఛాతీ దగ్గర కొల్లాజెన్ అనే గట్టి పదార్థం ఎక్కువ. అది సుమారు 70 డిగ్రీలు దాటాక తడి వేడిలో నెమ్మదిగా కరిగి జెలటిన్ అవుతుంది. గ్రేవీ చిక్కబడి పెదాలకి కాస్త అంటుకున్నట్టు ఉంటుందే, అది దానివల్లే. అయితే అది కరగడం మొదలయ్యేలోపే కండ పీచు బిగుసుకుపోయి లోపలి నీళ్లు బయటికి పిండేస్తుంది. అందుకే అరగంట దగ్గర తింటే గట్టిదనం పోకపోగా ఉన్న రసం కూడా పోయి ఉంటుంది. చాలామంది సరిగ్గా అక్కడే ఇది ఉడకదులే అని స్టవ్ ఆపేస్తారు. ఆపకండి, ముక్క విడిపోయేదాకా ఉంచండి. వెన్నెముక పక్కన ఉండే అండర్‌కట్ లాంటి భాగం దీనికి పూర్తిగా వ్యతిరేకం. దాంట్లో కొల్లాజెన్ తక్కువ, కొవ్వూ తక్కువ, కాబట్టి ఎంత ఉడికిస్తే అంత ఎండిపోతుంది. ఖరీదు ఎక్కువ పెట్టి అండర్‌కట్ తెచ్చి కుక్కర్‌లో వేయడం దండగ. కూరకి భుజం, పిక్క, ఛాతీ అడగండి, ఇవి మామూలుగా చవక కూడా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం ముందు కీమాతో మొదలుపెట్టండి. పీచంతా మిషన్‌లోనే తెగిపోయి ఉంటుంది కాబట్టి ఏ భాగమైనా 25 నిమిషాల్లో అయిపోతుంది, ఒక్క గిన్నె చాలు, ఇద్దరికి పావుకిలో సరిపోతుంది. వెడల్పాటి గిన్నె బాగా వేడెక్కాక కొంచెం నూనె వేసి, కీమాని పరిచి 3 నిమిషాలు కదపకుండా వదిలేయండి. చెయ్యి ఊరుకోదు, తెలుసు, అయినా కదపకండి. తర్వాత గరిటెతో ఉండలు చిదుపుతూ కలపండి. ముందు నీళ్లు ఊరి కుతకుత ఉడుకుతున్న శబ్దం వస్తుంది. ఆ నీళ్లు ఇగిరిపోగానే శబ్దం మారి చిటపట మొదలవుతుంది. అప్పుడే అది వేగుతున్నట్టు, అంతకుముందంతా ఉడుకుతున్నట్టు. ఆ చిటపట ఇంకో 3 నిమిషాలు వినిపించి, అడుగున గోధుమరంగు కనిపించాక కీమాని ఒక పక్కకి నెట్టి, దిగిన కొవ్వులోనే ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి వేయించండి. తర్వాత పసుపు, కారం, ఉప్పు, ఒక టమాటా. అర గ్లాసు నీళ్లు పోసి మూతపెట్టి 10 నిమిషాలు. బఠానీలు ఉంటే చివరి 5 నిమిషాల్లో వేసుకోండి. అన్నంలోకైనా బ్రెడ్‌లోకైనా బాగుంటుంది. కీమా విషయంలో ఒక్క జాగ్రత్త: మిషన్‌లో వేసినప్పుడు పైన ఉన్న క్రిములు లోపలిదాకా కలిసిపోతాయి కాబట్టి పచ్చిగా, సగం ఉడికిన దశలో రుచి చూడకూడదు, ఉప్పు చూడ్డానికి కూడా వద్దు. లోపల 71 డిగ్రీలకి చేరాలి. రంగు చూసి నమ్మలేం, ఒక్కోసారి అంత వేడి రాకముందే గోధుమరంగులోకి మారిపోతుంది. చిన్న ఉండలుగా చిదిపి, మూతపెట్టి 10 నిమిషాలు మరిగిస్తే టెన్షన్ ఉండదు. కీమాని పెద్ద ఉండలుగానో టిక్కీలుగానో చేస్తుంటే మాత్రం థర్మామీటర్ కొనుక్కోవడం మంచిది.

ఇక 2 నిమిషాల పద్ధతి, సన్నటి ముక్కల వేపుడు. మెత్తటి భాగం పావుకిలో తీసుకుని అరగంట సేపు ఫ్రీజర్‌లో పెట్టండి, కాస్త బిగుసుకుంటుంది, కత్తి జారకుండా సన్నగా తెగుతుంది. ముక్క మీద పీచు ఏ వైపు పోతోందో చూడండి, దారాలు పక్కపక్కన పేర్చినట్టు గీతలు కనిపిస్తాయి. కత్తి ఆ దారాలకి అడ్డంగా పడాలి. దారం వెంబడి కోస్తే నోట్లో పొడుగు పీచు వస్తుంది, అడ్డంగా కోస్తే పొట్టి పొట్టి తునకలు వస్తాయి, మీరు నమలాల్సిన పని సగం కత్తే చేసేస్తుంది. అంత మెత్తటి భాగం దొరకకపోతే, కోసిన ముక్కలకి పావు టీస్పూన్ వంటసోడా, ఒక పెద్ద స్పూన్ నీళ్లు పట్టించి 15 నిమిషాలు ఉంచండి. సోడా పై పొరలో క్షారగుణం పెంచి పీచు గట్టిగా బిగుసుకోకుండా చూస్తుంది. ఎక్కువ వేస్తే సబ్బు రుచి వస్తుంది, కొలత దాటొద్దు, వండే ముందు ఒకసారి కడిగి బాగా ఒత్తి తుడవండి. పచ్చి బొప్పాయి కూడా పనిచేస్తుంది కానీ రాత్రంతా వదిలేస్తే పైపైన ముద్దలా అయిపోతుంది, నాకైతే సోడానే నయం.

గిన్నె పొగ వచ్చేముందు దాకా కాలాలి. ముక్కలు సగమే వేయండి, ఒకదానికొకటి తగలకుండా. అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే గిన్నె చల్లారి, ఊరిన నీళ్లు ఆవిరయ్యే దారి లేక, ముక్కలు ఆ నీళ్లలోనే ఉడికి బూడిదరంగుకి తిరుగుతాయి. ఒక పక్క నిమిషం, తిప్పి ఇంకో పక్క అర నిమిషం, తీసి పళ్లెంలో పెట్టండి. మిగతా సగమూ అంతే. అదే గిన్నెలో ఉల్లిపాయ, క్యాప్సికం 3 నిమిషాలు వేయించి, మాంసం తిరిగి వేసి, మిరియాల పొడి, కొంచెం సోయా సాస్, ఒక్క తిప్పు, దించేయండి. సోయా సాస్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి విడిగా ఉప్పు చివర్లోనే చూసుకోండి.

అసలు కూర మాత్రం కుక్కర్‌దే. దీనికి కాస్త టైము కేటాయించుకోండి, ఆదివారం ఒకసారి చేస్తే మూడు రోజులు గడుస్తుంది. భుజం లేదా పిక్క భాగం అరకిలో, ముక్కలు కాస్త పెద్దవిగా, 4 సెంటీమీటర్లు ఉండేలా కొట్టించుకోండి, ఉడికాక ఎలాగూ కుంచించుకుపోతాయి. కడగాలా వద్దా అని అడుగుతారు. పచ్చి మాంసం కుళాయి కింద కడిగితే క్రిములు పోవు, తుంపర్లతో సింకంతా, పక్కనున్న గిన్నెలంతా పాకుతాయి, వాటిని చంపేది మంటే. నేను పేపర్ టవల్‌తో గట్టిగా ఒత్తి తుడుస్తాను, అంతే. తుడవడం మాత్రం మానొద్దు. నీళ్లున్నంతసేపూ వేడి 100 డిగ్రీలు దాటదు, ముక్క ఎర్రగా వేగి ఆ వాసన రావాలంటే 140 దాకా పోవాలి. కవర్‌లో కనిపించే ఎర్రటి నీళ్లు చూసి చాలామంది రక్తం అనుకుంటారు, అది రక్తం కాదు, మయోగ్లోబిన్ అనే రంగు కలిసిన మాంసపు నీరు.

కుక్కర్‌లో నూనె వేడిచేసి ముక్కల్ని రెండు వాయిలుగా ఎర్రగా వేయించి తీయండి. ఒక్కో వాయికి 6 నుంచి 8 నిమిషాలు పడుతుంది. అందులోనే రెండు ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, రెండు టమాటాలు, ఉప్పు, కారం, ఇష్టమైన మసాలా వేసి మగ్గనిచ్చి, ముక్కలు తిరిగి వేసి ఒక గ్లాసు నీళ్లు పోయండి. ఈ దశలో గరిటెతో అడుగంతా గీరండి. అంటుకున్న ఆ గోధుమరంగు పొరలోనే రుచి ఉంది, పైగా గీరకపోతే మూతపెట్టాక మాడేది అదే. నీళ్లు గ్లాసు మించొద్దు, మాంసం తన నీళ్లు తను వదులుతుంది. మూతపెట్టి మొదటి విజిల్ రాగానే మంట బాగా తగ్గించి, గడియారం చూసి 35 నిమిషాలు. ఎన్ని విజిల్స్ అని నన్ను అడగొద్దు. మంటని బట్టి, కుక్కర్‌ని బట్టి అదే 35 నిమిషాల్లో నాలుగు రావచ్చు, పన్నెండు రావచ్చు. లోపల పీడనం వల్ల వేడి 120 డిగ్రీల దగ్గరికి పోతుంది, అందుకే మూకుడులో రెండున్నర గంటల పని ఇక్కడ ఇంత త్వరగా అవుతుంది. ఆవిరి దానంతటదే దిగనివ్వండి. తెరిచి ఒక ముక్కని గరిటె అంచుతో నొక్కండి. విడిపోతే అయినట్టు. గరిటెని వెనక్కి తన్నితే ఇంకో 10 నిమిషాలు. బంగాళాదుంపలు ముందే వేస్తే కరిగి గ్రేవీలో కలిసిపోతాయి, మాంసం అయ్యాకే వేసి మూత లేకుండా 15 నిమిషాలు ఉడికించండి, ఈలోగా గ్రేవీ కూడా దగ్గరపడుతుంది.

హాస్టల్ గదిలో రైస్ కుక్కర్ ఒక్కటే ఉందా? దాంతోనూ అవుతుంది, అది ఎలా ఆగుతుందో తెలిస్తే చాలు. అడుగున నీళ్లున్నంతసేపూ గిన్నె 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది, నీళ్లు ఇంకిపోగానే వేడి పెరిగి స్విచ్ టక్కున వార్మ్‌కి పడుతుంది. అంటే దీంట్లో వేపుడు కుదరదు, వేయించే లోపే ఆగిపోతూ ఉంటుంది. కీమా అన్నం మాత్రం చక్కగా వస్తుంది. నూనె, ఉల్లిపాయ, కీమా వేసి రంగు మారేదాకా కలపండి, మధ్యలో స్విచ్ పడితే ఒక నిమిషం ఆగి మళ్లీ నొక్కండి. తర్వాత టమాటా, ఉప్పు, మసాలా, కడిగిన బియ్యం ఒక కప్పు. నీళ్లు మామూలుగా పోసేదానికంటే కొంచెం తగ్గించండి, టమాటా, కీమా ఎలాగూ నీరు వదులుతాయి. స్విచ్ పడ్డాక 10 నిమిషాలు మూత తీయకండి. వార్మ్ మీద పెట్టి పచ్చి మాంసం ఉడికించే ప్రయత్నం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, అది వండినదాన్ని వేడిగా ఉంచడానికే. ఎలక్ట్రిక్ కెటిల్‌లో మాంసం వండటం కూడా వద్దు. ఇండక్షన్ స్టవ్ ఉంటే గిన్నె అడుగుకి అయస్కాంతం అంటుకుంటుందో లేదో చూసి కొనండి. ఇవి ఎక్కువ కరెంటు లాగుతాయి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకి కాకుండా గోడ ప్లగ్‌కే పెట్టండి. అసలు గదిలో వండనిస్తారో లేదో ముందే కనుక్కోండి. గదిలో ఇంకొకరు బీఫ్ తినకపోతే వాళ్లతో కూర్చుని మాట్లాడి, వేరే గిన్నె, వేరే కత్తి పెట్టుకోండి, కిటికీ తీసి వండండి. నాలుగు మంచి మాటలతో తేలిపోయే విషయం ఇది.

పచ్చి కీమా ఫ్రిజ్‌లో రెండు రోజులు మించి ఉంచొద్దు, ముక్కలైతే 3 నుంచి 5 రోజులు. అంతలో వండకపోతే ఫ్రీజర్‌లో పెట్టేయండి. కీమాని పావుకిలో చొప్పున కవర్లలో వేసి అరచేత్తో అప్పడంలా పల్చగా అదిమి పెడితే త్వరగా కరుగుతుంది. కరిగించేది ఫ్రిజ్ కింది అరలో, లేదా కవర్‌తో సహా చల్లటి నీళ్లలో పెట్టి, గట్టు మీద పొద్దంతా వదిలేసి కాదు. వండిన కూర 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, బాగా ఎండాకాలమైతే గంటలోపే. లోతు గిన్నెలో పెడితే నడిమధ్య చాలాసేపు వేడిగానే ఉంటుంది, పల్చటి డబ్బాల్లోకి సర్దండి. 3, 4 రోజుల్లో తినేయండి.

మర్నాడు డబ్బా తెరవగానే పైన తెల్లటి కొవ్వు పొర, కింద గ్రేవీ జెల్లీలా గడ్డకట్టి, డబ్బా కదిపితే వణుకుతూ కనిపిస్తుంది. పాడైందని పారేయకండి. నిన్న కరిగిన కొల్లాజెనే అది. కొవ్వు ఎక్కువనిపిస్తే స్పూన్‌తో ఎత్తి తీసేసి, కావలసినంత కూర మాత్రమే చిన్న గిన్నెలోకి తీసుకుని, రెండు స్పూన్ల నీళ్లు చిలకరించి, సన్నటి మంట మీద అంతా కరిగి బుడబుడ మరిగేదాకా వేడిచేయండి. ముక్కలోకి ఉప్పూ మసాలా అప్పటికి బాగా పట్టి ఉంటాయి, అన్నం వేడిగా ఉండగానే కలుపుకోండి.