సంక్రాంతి ఆఫర్లలో హెడ్‌ఫోన్స్ కొంటున్నారా? బేస్ విషయంలో ఈ జాగ్రత్తలు

భీమవరంలో షాపుకెళ్లినా, ఫోన్‌లో ఆర్డర్ పెట్టినా ముందు ఇవి చూసుకోండి. బేస్ అంటే పాటలో దమ్ దమ్మని మోగే దిగువ స్థాయి శబ్దం.

• చెవికి సరిగ్గా పట్టిందా? డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. ఇయర్‌ఫోన్ రబ్బరుకీ చెవికీ మధ్య కాస్త సందున్నా బేస్ జారిపోతుంది, ఖరీదైన సెట్టు కూడా రేకుడబ్బాలా మోగుతుంది. పెట్టెలో వచ్చే సైజులన్నీ మార్చి చూడండి. రెండు చెవులకు వేర్వేరు సైజులు పట్టడం మామూలే.

• పెట్టె మీద 20–20,000 హెర్ట్జ్ (శబ్దం స్థాయి దిగువదో, పైదో చెప్పే కొలత) అని ఉంటే మురిసిపోకండి. అవి మనిషి చెవి వినగలిగే హద్దులు. ఏ స్థాయి ఎంత గట్టిగా వస్తుందో ఆ అంకెలు చెప్పవు.

• గొంతు బాగా వినిపించే, మీకు కంఠతా వచ్చిన పాట పెట్టి వినండి. బేస్ అంటే సుమారు 20 నుంచి 250 హెర్ట్జ్. 60 లోపుది ఒంటికి తగిలే అదురు. 200 చుట్టుపక్కల మరీ పెంచిన సెట్లలో గొంతు మసకబారుతుంది. నా మటుకు అలాంటివి వద్దనే అంటాను.

• డ్రైవర్, అంటే లోపల శబ్దం పుట్టించే చిన్న స్పీకర్, పెద్దదైనంత మాత్రాన బేస్ పెరగదు.

• రోజూ అమలాపురం, కాకినాడ మధ్య బస్సులో వింటారా? ఇంజిన్ రొద బేస్‌ని మింగేస్తుంది, మనం వాల్యూమ్ పెంచేస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. చెవిని బాగా మూసేవి, లేదా నాయిస్ క్యాన్సిలింగ్ (బయటి రొదను తగ్గించే ఏర్పాటు) ఉన్నవి తీసుకోండి, తక్కువ వాల్యూమ్ సరిపోతుంది.

• పెద్ద కప్పులవైతే విడి కుషన్లు దొరుకుతాయేమో అడగండి. మన ఉక్కపోతకు, చెమటకు రెక్సిన్ పొరలు లేస్తుంది, దాంతో బేస్ కూడా తగ్గుతుంది.