మోటర్‌హోమ్ వెనక సైకిళ్లు కట్టుకుని ఇంగ్లండ్ పల్లెలకు: బయల్దేరే ముందు

మార్చి చివరి ఆదివారం ఇంగ్లండ్‌లో గడియారాలు గంట ముందుకి జరుపుతారు. ఒక్కసారిగా సాయంత్రం ఏడున్నర దాకా వెలుగు. ఐదు నెలలు చీకట్లో పనికి వెళ్లి చీకట్లోనే ఇంటికి చేరిన వాళ్లం కదా, ఆ వెలుగు చూడగానే ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తుంది. ఈస్టర్ సెలవులు, మే నెలలో మొదటి సోమవారం, చివరి సోమవారం సెలవులు, పైగా ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉండే కాలం. ఇక్కడి తెలుగు కుటుంబాలు మొదటిసారి మోటర్‌హోమ్, అంటే పడకలూ వంట చోటూ ఉన్న చక్రాల మీది ఇల్లులాంటి బండి, అద్దెకి తీసుకునేది ఎక్కువగా ఈ రోజుల్లోనే. మేమూ అలాగే మొదలుపెట్టాం, ఏటా వెళ్తూనే ఉన్నాం.

నేను చూసినంతలో ఈ ప్రయాణంలో చిక్కులన్నీ ఒకే మరుపులోంచి వస్తాయి. స్టీరింగ్ ముందు కూర్చున్న గంటకి మనది ఎంత పెద్ద బండో మరిచిపోతాం. సాయంత్రం సైకిలెక్కాక మనం ఎంత చిన్నగా ఉన్నామో మరిచిపోతాం. పొద్దున బండి నడిపిన ఇరుకు దారిలోనే సాయంత్రం పిల్లలతో సైకిల్ తొక్కుతాం. రెండు వైపుల నుంచీ ఆ దారిని చూడగలిగితే సగం జాగ్రత్త వచ్చేసినట్టే.

ముందు బరువు సంగతి

1997 జనవరి 1 నుంచి ఇక్కడ కారు టెస్ట్ పాసైన వాళ్లు మామూలుగా 3,500 కిలోల వరకు ఉన్న బండే నడపాలి. మనలో దాదాపు అందరం ఆ లెక్కలోకే వస్తాం. ఇండియా లైసెన్స్‌తో కొత్తగా వచ్చిన వాళ్లకి చట్టం 12 నెలలు అవకాశం ఇస్తుంది, కానీ అద్దెకిచ్చే వాళ్లకి వయసు, లైసెన్స్ ఎన్నేళ్లది అనే షరతులు విడిగా ఉంటాయి. డబ్బు కట్టకముందే అడగండి.

ఆ 3,500 ఖాళీ బండి బరువు కాదు. మనుషులు, నీళ్లు, గ్యాస్, బియ్యం సంచి, సైకిళ్లు అన్నీ కలిపి అంతకి మించకూడదు. చాలా బండ్లలో మన కోసం మిగిలేది మూడు నాలుగు వందల కిలోలే. 100 లీటర్ల నీళ్లు నింపితే అక్కడే 100 కిలోలు పోయాయి. మామూలు సైకిల్ 12 నుంచి 15 కిలోలు, ఎలక్ట్రిక్ సైకిల్ 25 దాకా ఉంటుంది. నాలుగు సైకిళ్లు, వాటిని బండి వెనక మోసే ర్యాక్, తాళాలు కలిపి చూసుకోండి. ఆ బరువు ఉండే చోటు కూడా ముఖ్యం. వెనక చక్రాలకి ఇంకా వెనక వేలాడే బరువు తూగుడుబల్లలా పనిచేస్తుంది. వెనక ఇరుసు మీద భారం పెరుగుతుంది, ముందు చక్రాలు తేలికవుతాయి. చాలా మోటర్‌హోమ్‌లని నడిపేవి ముందు చక్రాలే. తడి రోడ్డు మీద, పచ్చిక మీద అవి పట్టు వదిలితే ఏమవుతుందో ఊహించండి.

ర్యాక్‌కి విడిగా ఒక హద్దు ఉంటుంది, దాని మీద స్టిక్కర్ ఉంటుంది. రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లతోనే కొన్ని ర్యాకులు నిండిపోతాయి. బ్యాటరీలు ఊడదీసి బండి లోపల, కింది అరల్లో పెట్టండి. ఊళ్లో లారీని కాటా వేయించినట్టు ఇక్కడా బండిని తూకం వేయించుకునే చోట్లున్నాయి. సామానంతా ఎక్కించాక ఒకసారి తూయించండి, ఆ తర్వాత మనసుకి నిమ్మళం.

సైకిళ్లు నంబర్ ప్లేట్‌కి గానీ వెనక లైట్లకి గానీ అడ్డం రాకూడదు. నంబర్ కనిపించకపోతే 1,000 పౌండ్ల వరకు జరిమానా పడొచ్చు. అడ్డం వస్తుంటే లైట్లు, నంబర్ ఉన్న అదనపు బోర్డు తగిలించాలి. పట్టీలు ఇంటి దగ్గర బిగించి వదిలేయకండి. మొదటి పది మైళ్లయ్యాక ఆగి మళ్లీ బిగించండి. బండి అదిరి సర్దుకునేసరికి బిగించిన పట్టీలు వదులవుతాయి. ఒకసారి మా చిన్నాడి సైకిల్ ఒక పట్టీ మీదే వేలాడుతుండగా సర్వీస్ స్టేషన్లో చూశాం. వెనక వచ్చే కారు గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఎత్తు, వెడల్పు, రివర్స్

బండి ఎత్తు మీటర్లలోనూ, అడుగుల్లోనూ రాసి కళ్లెదుట అంటించండి. 3 మీటర్లంటే సుమారు 9 అడుగుల 10 అంగుళాలు. ఈలీ ఊళ్లో స్టంట్నీ రోడ్డు మీది రైలు వంతెన కింద దారి 9 అడుగులే, దేశంలో ఎక్కువసార్లు బండ్లు గుద్దిన వంతెనల్లో అదొకటి. సూపర్ మార్కెట్ పార్కింగుల్లో, సముద్రతీరం పార్కింగుల్లో అడ్డంగా ఉండే కమ్మీలు ఇంకా తక్కువ ఎత్తులో ఉంటాయి. కారుకి వాడే నావిగేషన్‌కి మీ ఎత్తు తెలియదు. బండి కొలతలు ఇవ్వగలిగేది వాడండి. మా పెద్దమ్మాయి పక్క సీట్లో కూర్చుని ప్రతి ఎత్తు బోర్డూ పైకి చదువుతుంది. అంతకన్నా మంచి ఏర్పాటు నాకు దొరకలేదు.

డెవన్, కార్న్‌వాల్ ఇరుకు దారుల గురించి కాస్త వివరంగా చెప్పాలి. రెండు పక్కలా పచ్చటి గట్లు, వాటి మీద పూలు. ఏప్రిల్, మే నెలల్లో కొత్త చిగురు రోడ్డు మీదకి వాలి మెత్తటి పరుపులా కనిపిస్తుంది. దాని వెనక రాతి కట్టు ఉంటుంది. ఎదురొచ్చే బండికి దారిద్దామని "ఆకులేగా" అనుకుని ఆనిస్తే పక్క ప్యానెల్ మొత్తం గీరుకుపోతుంది. ఆ దారుల్లో ఎదురుపడితే, ఆగి దారిచ్చే చోటు ఎవరికి దగ్గరో వాళ్లు వెనక్కి వెళ్లడం మర్యాద. మీరు వెనక్కి వెళ్లాల్సి వస్తే సైకిళ్ల వల్ల వెనక కెమెరా మూసుకుపోయి ఉండొచ్చు. ఒకరు దిగి, డ్రైవర్ అద్దంలో కనిపించే చోట నిలబడి, లారీ క్లీనర్‌లా చెయ్యి ఊపుతూ చెప్పాలి. ఏ సైగకి ఏ అర్థమో ఇంటి దగ్గరే అనుకోండి. ఆ మనిషి కనిపించకపోతే బండి ఆపేయడమే.

కొన్ని దారులు అసలు వద్దు. లేక్ డిస్ట్రిక్ట్‌లో హార్డ్‌నాట్ పాస్ మూడు అడుగులకి ఒక అడుగు లేచే ఏటవాలు, మెలికలు కూడా. సోమర్సెట్‌లో పోర్లాక్ కొండ నాలుగుకి ఒకటి. మ్యాప్‌లో దగ్గర దారిలా కనిపించినా చుట్టూ తిరిగే వెళ్లండి. నార్తంబర్‌లాండ్ తీరంలోని హోలీ ఐలండ్ దీవికి వెళ్లే రోడ్డు రోజూ ఆటుపోట్లకి మునుగుతుంది. దాటదగిన వేళల పట్టిక చూడకుండా దిగొద్దు. పొలం పనుల కాలం కాబట్టి ట్రాక్టర్లు ఎక్కువ. మీ వెనక వరస పెరిగితే చోటు చూసి పక్కకి ఆగి పంపించండి.

బండి కదులుతున్నంతసేపూ అందరూ బెల్టు ఉన్న సీట్లోనే ఉండాలి. పిల్లలకి 12 ఏళ్లు నిండేదాకా, లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా, ఏది ముందైతే అది, చైల్డ్ సీట్ తప్పనిసరి. పక్కకి తిరిగి ఉండే సోఫా మీద పిల్లల్ని కూర్చోబెట్టొద్దు. "నాన్నా, టీ పెట్టనా" అని అమ్మ లేస్తుంది. వద్దని ముందే చెప్పి ఉంచండి.

రాత్రి చలి, గ్యాస్

పగలు ఎండ చూసి మోసపోకండి. ఏప్రిల్ రాత్రి సున్నాకి దిగడం మామూలే, మేలో కూడా మంచు పడొచ్చు. మామూలుగా నీలం రంగు సిలిండర్లో ఉండే బ్యూటేన్ సున్నా దగ్గర ఆవిరి కాదు, పొయ్యి వెలగదు, హీటర్ ఆగిపోతుంది. ఎరుపు సిలిండర్లో ప్రొపేన్ ఎంత చలిలోనైనా పనిచేస్తుంది. ఏది ఇచ్చారో బండి తీసుకునేటప్పుడే చూడండి. చాలా బండ్ల బాయిలర్‌కి ఒక రక్షణ వాల్వ్ ఉంటుంది. చలి సుమారు 3 డిగ్రీలకి చేరితే అది తెరుచుకుని నీళ్లన్నీ కింద వదిలేస్తుంది. తెల్లారి కింద మడుగు చూసి టెన్షన్ పడొద్దు, ఆ వాల్వ్‌కి ఏదో అడ్డం పెట్టి ఆపనూ వద్దు. పడుకునే ముందు లోపల వెచ్చగా ఉంచితే చాలు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చలేస్తోందని నేల దగ్గర, పైకప్పులో ఉన్న గాలి రంధ్రాలు గుడ్డతో మూయొద్దు. వెచ్చదనం కోసం పొయ్యి వెలిగించి ఉంచొద్దు. ఆరిపోయినట్టు కనిపించే బార్బెక్యూ బొగ్గుల్ని లోపలికి గానీ, బయట కట్టిన గుడారంలోకి గానీ తేవొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాన్ని పసిగట్టే అలారం బండిలో ఉందో లేదో, బటన్ నొక్కితే మోగుతుందో లేదో మొదటి రోజే చూడండి. అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే ఆలోచించకుండా బయటికి వచ్చి అత్యవసర నంబర్ 999కి ఫోన్ చేయండి. పోపు పెట్టేటప్పుడు పైకిటికీ తెరవండి. చిన్న చోటు, నూనె మంట, కర్టెన్లు పక్కనే ఉంటాయి. మేం వేపుళ్లు మానేసి పులిహోర, పప్పు, ఇంట్లో రుబ్బి తెచ్చుకున్న పచ్చళ్లతో గడిపేస్తాం.

కరెంటు కూడా ఇంట్లో లాంటిది కాదు. కొన్ని సైట్లలో 10 ఆంపియర్లే ఇస్తారు, అంటే సుమారు 2,300 వాట్లు. రైస్ కుక్కర్ హాయిగా నడుస్తుంది. ఇండక్షన్ స్టవ్, కెటిల్ కలిపి వేస్తే ఫ్యూజు పోతుంది. కేబుల్ చుట్ట పూర్తిగా విప్పండి, చుట్టలో ఉంటే వేడెక్కుతుంది.

ఎక్కడ నిలపాలి

రోడ్డు పక్కన ఎక్కడ బాగుంటే అక్కడ పడుకోవచ్చనుకుంటారు కొందరు. ఇంగ్లండ్‌లో స్థలం యజమాని అనుమతి లేకుండా ఆ హక్కు లేదు. న్యూ ఫారెస్ట్ పార్కింగుల్లాంటి చోట్ల రాత్రి ఉండనివ్వరు. ఈస్టర్‌కి, మే సెలవులకి చాలా ముందే బుక్ చేయండి. ఐదు బండ్లకే అనుమతి ఉండే చిన్న పొలం సైట్లు ప్రశాంతంగా ఉంటాయి, కానీ చాలాచోట్ల అవి పచ్చికే. శీతాకాలం వానలకి నేల ఇంకా నానే ఉంటుంది. గట్టి నేల అడిగి తీసుకోండి. దిగబడితే యాక్సిలరేటర్ తొక్కొద్దు, చక్రం తనకి తానే గొయ్యి తవ్వుకుంటుంది. రైతుని అడిగితే ట్రాక్టర్‌తో లాగుతారు.

సైకిలెక్కాక

మొదటి రోజు పాత రైలు మార్గాల మీద వేసిన దారులు ఎంచుకోండి. డెర్బీషైర్‌లో మాన్సల్ ట్రయల్ ఎనిమిదిన్నర మైళ్లు, టిస్సింగ్టన్ ట్రయల్ 13, కార్న్‌వాల్‌లో కేమల్ ట్రయల్ సుమారు 18. కార్లుండవు, పెద్ద ఎత్తులుండవు. మాన్సల్‌లో సొరంగాలున్నాయి కాబట్టి లైట్లు ఉంచుకోండి. చీకటి పడ్డాక ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు చట్టప్రకారం తప్పనిసరి. హెల్మెట్ తప్పనిసరి కాకపోయినా మా ఇంట్లో అది లేకుండా ఎవరం కదలం.

పొలాల్లో గుర్తులు చూడండి. పసుపు బాణం నడిచేవాళ్లకే, నీలం బాణం ఉన్న దారిలో సైకిల్ వెళ్లొచ్చు. అక్కడ నడిచేవాళ్లకీ గుర్రాలకీ మనమే దారివ్వాలి. గుర్రం వెనక నిశ్శబ్దంగా వెళ్లడం ప్రమాదం. దూరం నుంచే "హలో" అని పిలిచి, నెమ్మదించి, ఎడంగా దాటండి. మీరే మోటర్‌హోమ్ నడుపుతూ గుర్రాన్ని దాటేటప్పుడు గంటకి 10 మైళ్ల లోపు, 2 మీటర్ల ఎడం. సైకిల్‌ని దాటాలంటే కనీసం మీటరున్నర. ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో 2022లో వచ్చిన మార్పులివి.

ఆవుల విషయంలో మనకి ధీమా ఎక్కువ, గేదెల పక్కన పెరిగిన వాళ్లం కదా. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో దూడలతో సహా మందని బయటికి వదులుతారు. వాటికి మనుషుల చేతి అలవాటు తక్కువ, దూడ కోసం తల్లి మీదకొస్తుంది. సైకిల్ దిగి, చుట్టూ తిరిగి వెళ్లండి. తల్లికీ దూడకీ మధ్యన పోవద్దు. కుక్క ఉంటే, ఆవు తరిమినప్పుడు తాడు వదిలేయండి, అది తప్పించుకుంటుంది. గేటు ఎలా ఉంటే అలాగే వదలండి.

గడ్డిలో పిడుదులుంటాయి. వాటిలో కొన్ని లైమ్ జబ్బు మోస్తాయి. న్యూ ఫారెస్ట్, సౌత్ డౌన్స్ వైపు మరింత జాగ్రత్త. ప్యాంటు సాక్సులోకి దోపండి. సాయంత్రం పిల్లల మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టు మొదట్లో చూడండి. పట్టుకుని ఉంటే సన్నని పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నెమ్మదిగా పైకి లాగాలి. నూనె, అగ్గిపుల్ల వైద్యం వద్దు. తర్వాతి వారాల్లో, మూడు నెలల లోపు ఎప్పుడైనా, ఎర్రటి వలయంలా దద్దురు వస్తే డాక్టర్‌కి చూపించండి. బిర్చ్ చెట్ల పుప్పొడి పడక తుమ్ములొచ్చే వాళ్లు మాత్రలు వెంట పెట్టుకోండి. మన ఆవ చేలలాగే పసుపు పరిచినట్టుండే రేప్‌సీడ్ అనే నూనెగింజల పొలాల పక్కన ఫొటోలు దిగాలని అందరికీ ఉంటుంది, నాకూ ఉంటుంది. రోడ్డు మీద బండి ఆపి మాత్రం వద్దు.

ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లకి ప్రయాణ బీమా ఉండాల్సిందే. అత్యవసర విభాగంలో చూడటం ఉచితమే, ఆసుపత్రిలో చేర్చుకుంటే బిల్లు వస్తుంది. వాళ్ల మందులు చేతికందే అరలో పెట్టండి. కొండల మధ్య ఫోన్ సిగ్నల్ పోతుంది, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

పొద్దున బయల్దేరే ముందు మేం బండి చుట్టూ ఒక చుట్టు నడుస్తాం. అమ్మాయి కాగితం పట్టుకుని చదువుతుంది: గ్యాస్ కట్టేశామా, కేబుల్ తీశామా, పైకిటికీలు మూశామా, మెట్టు లోపలికి మడిచామా, ఫ్రిజ్ తలుపు గడియ పడిందా, సైకిల్ పట్టీలు. ఒక్కొక్కటి చేత్తో తాకి "ఆఁ" అంటేనే తర్వాతది చదువుతుంది. ఆఖరి "ఆఁ" పడ్డాకే తాళం తిప్పుతాను.