స్పానిష్‌లో ‘కడుక్కో’, ‘కూచో’: ‘తె’ అతికించే పద్ధతి

నెల్లూరు, ఒంగోలు వైపు పిల్లాడు బడి నుంచి రాగానే ఇంట్లో వినపడే మాటలు: ‘కాళ్లు కడుక్కో, కూచో, అన్నం తిను.’ గిన్నె అయితే ‘కడుగు’, మన కాళ్లయితే ‘కడుక్కో’. ఆత్మార్థకమంటే ఇదే. ఈ తేడా పుట్టుకతో తెలిసిన మనకు స్పానిష్ ఆజ్ఞలు కష్టం కానక్కర్లేదు. మన ‘కో’ చేసే పనే అక్కడ ‘తె’ చేస్తుంది, అదీ మనలాగే క్రియ చివర అతుక్కుని.

ఇక్కడ స్పానిష్ మాటల్లో దీర్ఘం ఉన్నచోట ఒత్తి పలకాలి. స్పెల్లింగులో ‘వి’ ఉన్నా పలుకు ‘బ’కు దగ్గర కాబట్టి ‘బ’ అనే రాశాం.

నిఘంటువులో ‘లబార్సె’ (కడుక్కోవడం) అని ఉంటుంది. చివరి ‘సె’ తీసేయండి, ‘లబార్’ మిగులుతుంది. దాన్ని ‘అతను కడుగుతాడు’ అనే రూపంలో పెడితే ‘లాబ’. నువ్వు అని పిలిచేవాళ్లకు చెప్పే ఆజ్ఞ కూడా అదే. దానికి ‘తె’ కలిపి ఒకే మాటగా రాస్తే ‘లాబతె’. ‘లాబ ఎల్ ప్లాతొ’ అంటే ప్లేటు కడుగు, ‘లాబతె లస్ మానొస్’ అంటే చేతులు కడుక్కో. ‘నీ’ అక్కర్లేదు. మనం ‘నీ చేతులు కడుక్కో’ అనం, వాళ్లూ అనరు. ఇంగ్లీషు మీదుగా వెళ్లేవాళ్లే ‘తుస్ మానొస్’ అని పెట్టేస్తారు.

లోపలి అచ్చు మారే క్రియలు ఇక్కడా మారతాయి: సెంతార్సె నుంచి సియేంతతె (కూచో), అకొస్తార్సె నుంచి అకువేస్తతె (పడుకో).

ఎక్కువ మార్కులు పోయేది రాతలో. ‘లాబ’లో ఒత్తు మొదటి అక్షరం మీద ఉంది, ‘తె’ చేరాక కూడా అక్కడే ఉండాలి. కానీ అచ్చుతో ముగిసే మాటను, గుర్తేమీ లేకపోతే, చివరి నుంచి రెండో అక్షరం ఒత్తి చదువుతారు: ‘లబాతె’ అయిపోతుంది. అందుకే మొదటి అచ్చు మీద కుడికి లేచే ఏటవాలు గీత పెట్టాలి. పోంతె (తొడుక్కో), బేతె (వెళ్లిపో) రెండక్షరాలవే కాబట్టి గీత వద్దు. ‘దాన్ని తొడుక్కో’ అని ‘పోంతెలొ’ చేస్తే మళ్లీ గీత కావాలి.

ఇంకో పొరపాటు, ‘నువ్వు కడుగుతావు’ అనే ‘లాబస్’కు ‘తె’ తగిలించడం. అది ‘లబాస్తె’, అంటే ‘నువ్వు కడిగావు’. ‘తె’ ముందు పెట్టి ‘తె లాబ’ అంటే ‘అతను నిన్ను కడుగుతాడు’. రెండూ ఆజ్ఞలు కావు.

మన ‘కూచోండి’ ఒక్క పెద్దాయనకైనా, పదిమందికైనా సరిపోతుంది. స్పానిష్‌లో అది రెండుగా చీలుతుంది. గౌరవంగా ఒక్కరితో ‘సియేంతెసె’, ఎక్కువమందితో ‘సియేంతెన్సె’. ‘ఆర్’తో ముగిసే క్రియకు ‘ఎ’, ‘ఎర్’, ‘ఇర్’ క్రియలకు ‘అ’ వస్తుంది: లాబెసె, పోంగసె. బహువచనపు ‘న్’ క్రియకే చేరాలి, ‘సె’ తర్వాత కాదు. ‘సియేంతెసెన్’ అని కొందరు స్పానిష్ వాళ్లూ అంటారు గానీ పరీక్షలో తప్పే. స్పెయిన్‌లో స్నేహితుల గుంపుతో ‘సెంతాఒస్’ అంటారు. ‘సెంతాద్’కు ‘ఒస్’ చేరేటప్పుడు ‘ద్’ పడిపోతుంది. ఉంచేస్తే ‘సెంతాదొస్’, కూచుని ఉన్నవాళ్లు అని అర్థం.

‘కో’ను ప్రతిచోటా నమ్మకండి. నేర్చుకో అంటే వట్టి ‘అప్రేందె’, తీసుకో అంటే ‘తోమ’. మన ‘లే’కు ‘కో’ లేదు గానీ స్పానిష్‌లో ‘లెబాంతతె’.

‘కూచుందాం’ అనాలంటే ‘సెంతేమొస్’కు ‘నొస్’ చేర్చి మధ్య ‘స్’ తీసేయాలి: సెంతేమొనొస్. ‘పోదాం పదండి’ కూడా అంతే: బామొస్ కాస్తా బామొనొస్.