మందులు వాడినా తగ్గని లివర్ నీటి గడ్డ: అది హైడాటిడ్ కాకపోతే?

సమస్య: కుడి డొక్కలో బరువు, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం. అమలాపురంలోనో భీమవరంలోనో స్కానింగ్ తీయిస్తే లివర్‌లో అరలు అరలుగా నీటి గడ్డ కనిపించింది, రిపోర్టులో హైడాటిడ్ (పురుగు వల్ల వచ్చే నీటి గడ్డ) అని రాశారు. నెలల తరబడి పురుగుల మందు ఆల్బెండజోల్ మింగినా సైజు తగ్గలేదు.

కారణం: డెల్టాలో ఈ అనుమానం సహజమే. కోతలయ్యాక చేలో గొర్రెల మంద కట్టిస్తాం, మంద వెంట కుక్కలూ వస్తాయి. హైడాటిడ్ పురుగు కుక్క పేగుల్లో ఉంటుంది. దాని గుడ్లు కడగని ఆకుకూరల మీద నుంచో, చేతుల నుంచో మన నోట్లోకి చేరతాయి.

అచ్చం అలాగే కనిపించే కణితి ఇంకోటుంది: మ్యూసినస్ సిస్టిక్ నియోప్లాజమ్. పాత పేరు బిలియరీ సిస్టడెనోమా. చాలా అరుదు, దాదాపుగా ఆడవాళ్లలోనే, అదీ ఎక్కువగా నడివయసులో వస్తుంది. క్యాన్సర్ కాదు గానీ, వదిలేస్తే కొందరిలో అలా మారొచ్చు. అందుకే నడివయసు ఆడవాళ్ల రిపోర్టు ఇంకోసారి చూపించి తీరాలంటాను. మధ్యలో చెడి నీరుపట్టిన పెద్ద హెమాంజియోమా (రక్తనాళాల గడ్డ) కూడా ఇలాగే మోసం చేస్తుంది.

తేడా ఎక్కడ తెలుస్తుంది? కాంట్రాస్ట్ (స్కాన్‌లో తేడా తెలియడానికి నరానికి ఎక్కించే మందు) ఇచ్చి తీసిన సీటీలో, ఎంఆర్‌ఐలో. హైడాటిడ్‌లో లోపలి పొర ఊడి నీళ్లలో తేలుతుంటుంది, లేదా పెద్ద గడ్డలో పిల్ల గడ్డలుంటాయి. వాటి మధ్య గోడలు మందు పట్టవు. సిస్టడెనోమాలో అరల గోడలే మందు పట్టి మెరుస్తాయి. హెమాంజియోమాలో మందు అంచుల నుంచి లోపలికి నెమ్మదిగా నిండుతుంది.

ఎలైజా రక్తపరీక్ష ఒక్కటే నమ్మొద్దు. హైడాటిడ్ ఉన్నా నెగెటివ్ రావొచ్చు, వేరే పురుగుల వల్ల పాజిటివ్ రావొచ్చు.

పరిష్కారం: ఏదో తేలకముందే సూదితో నీరు తీయించుకోవద్దు. హైడాటిడ్ అయితే ఆ నీరు కడుపులో ఒలికి ప్రాణాంతక అలర్జీ రావొచ్చు, పురుగు లోపలంతా పాకొచ్చు. సూదితో చేసే వైద్యం ఉంది గానీ, అది మందుల రక్షణలో, అనుభవమున్నవాళ్లే చేయాలి. సిస్టడెనోమా అయితే తీసిన నీరు మళ్లీ ఊరుతుంది. దాన్ని గోడతో సహా పూర్తిగా కోసి తీసేయాలి. ఆ ముక్కను బయాప్సీకి పంపితేనే ఖాయంగా తేలుతుంది. ఇబ్బంది పెట్టని హెమాంజియోమాను సాధారణంగా కదపరు.

కాకినాడకో రాజమండ్రికో లివర్ సర్జన్ దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, స్కానింగ్ సీడీ కూడా పట్టుకెళ్లండి. వాడిన మందుల చీటీలు చూపించండి. ఈలోపు జ్వరంతో పచ్చకామెర్లు వచ్చినా, ఉన్నట్టుండి కడుపునొప్పితో ఒళ్లంతా దద్దుర్లు లేచినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.